సైకిలు ఫ్రేము: కర్రనుంచి కర్బనం దాకా

సైకిలు అనగానే చక్రాలు, చైను, పెడళ్లు, బెల్లు స్ఫురిస్తాయి. వీటన్నిటినీ పట్టి నిలిపే ఫ్రేము చాలామందికి స్ఫురించదు. అది తిరగదు, కదలదు, మోగదు. తొక్కేవాని బరువు మోస్తూ, అతని కాలి బలాన్ని వెనుక చక్రానికి అందనిస్తూ, రోడ్డు గుంటల దెబ్బలు తింటూ ఊరకుంటుంది. అయినా సైకిలు మంచిదా, చెడ్డదా అని నిర్ణయించేది ఈ మూగ అవయవమే. చక్రం వంగితే మార్చవచ్చు. చైను తెగితే అతకవచ్చు. ఫ్రేము విరిగితే సైకిలే లేదు. ఆ విరగడం ఏ దిగుడుదారిలోనో జరిగితే తొక్కేవాని ఎముకలకు కూడ పూచీ లేదు.

ఈ ఫ్రేమును నేడు కర్బనంతో చేస్తున్నారు. బొగ్గుకు, పెన్సిలు ముల్లుకు, వజ్రానికి మూలమైన కర్బనమే ఇది. 1980 దశకంలో పేరుమోసిన పందెగాళ్లకు మాత్రమే అందిన కార్బన్ ఫ్రేము, నేడు ఒక మోస్తరు జీతగాడు కూడ కూడబెట్టి కొనగలిగే ధరకు దిగింది. అక్కడే చిక్కు మొదలయింది. రెండు ఫ్రేములు పక్కపక్కన వేలాడుతుంటాయి. రెండూ నల్లనివే. రెండూ కిలోకు కాస్త అటూ ఇటూగా తూగుతాయి. రెండింటి మీదా నారపోగు రకాన్ని తెలిపే అక్షరాలు, అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఒకదాని ధర మాత్రం రెండవదానికి రెండు మూడింతలు ఉండవచ్చు. తేడా ఎక్కడున్నదో కంటితో చూచి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ చిక్కు కర్బనంతో పుట్టినది కాదు. దీనికి నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

కర్ర, ఇనుము, గొట్టం

1817 జూన్ 12న జర్మనీలోని మాన్‌హైమ్ పట్టణంలో కార్ల్ ఫన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండినొకదానిని రోడ్డుమీదికి తెచ్చాడు. దానికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ సాగవలసిందే. దాని ఫ్రేము ఒక కర్రదూలం. బండి మొత్తం బరువు సుమారు 22 కిలోలు. 1860 దశకంలో పారిస్‌లో మిషో కుటుంబం ముందు చక్రానికి పెడళ్లు తగిలించిన బండ్లు అమ్మింది. వాటి ఫ్రేము ఇనుప కమ్మీ. ఇంగ్లండు ప్రజలు ఆ బండికి పెట్టిన పేరుకు అర్థం “ఎముకలు కుదిపేది” అని. ఆ బండి గుణం తెలియడానికి అంతకంటె వర్ణన అక్కరలేదు.

కర్ర పోయి ఇనుము రావడం పెద్ద మార్పే కాని, అసలు విప్లవం అది కాదు. కమ్మీ పోయి గొట్టం రావడమే విప్లవం. ఒకే బరువు ఉక్కుతో సన్నని కమ్మీ చేయవచ్చు, లావుపాటి బోలు గొట్టమూ చేయవచ్చు. వంపుకు, మెలికకు గొట్టమే ఎక్కువగా ఎదురు నిలుస్తుంది. పలుచని గొట్టాన్ని, ఉన్న లోహాన్ని పెంచకుండానే, గోడ మందం సగానికి తగ్గించి వ్యాసం రెట్టింపు చేస్తే దాని దృఢత్వం ఇంచుమించు 4 రెట్లవుతుంది. వరి గడ్డి పోచ, వెదురు బొంగు ఈ సూత్రం మీదనే నిలబడి ఉన్నవి. 1885లో జర్మనీకి చెందిన మానెస్మాన్ సోదరులు గట్టి ఉక్కు కడ్డీని ఏటవాలు రోలర్ల మధ్య తిప్పి, అతుకు లేని గొట్టంగా మార్చే పద్ధతి కనిపెట్టారు. అదే ఏడు ఇంగ్లండులోని కావెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రానికి చైను గల రోవర్ సైకిలును తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. 1890 ప్రాంతానికి ఫ్రేము నేడు అందరూ ఎరిగిన రూపానికి, అనగా రెండు త్రికోణాలు వీపు వీపు ఆనించిన ఆకారానికి వచ్చి కుదురుకున్నది. త్రికోణంలో ఏ గొట్టమూ ఒంటరిగా వంగనక్కరలేదు. ఒకటి నొక్కుడు పడుతుంది, ఇంకొకటి లాగుడు పడుతుంది. ఇంతకుమించిన ఆకారం ఆ తరువాత నూరేళ్లలో ఎవరికీ తట్టలేదనే చెప్పాలి. తట్టిన కొన్నిటిని పందేల నిబంధనలు తోసిపుచ్చాయి.

కొనుగోలుదారుకు కనపడని నాణ్యం మొదటిసారి 1897లో ప్రవేశించింది. బర్మింగ్‌హామ్‌లో మేకుల వ్యాపారం చేసే రేనాల్డ్స్ కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ ఆ ఏట ఒక కొత్తరకం గొట్టానికి పేటెంటు పొందాడు. ఫ్రేము గొట్టాలు సాధారణంగా విరిగేది అతుకుల దగ్గర. అక్కడ గోడ మందంగా ఉండాలి. నడుమ భాగానికి అంత మందం దండుగ. కనుక చివర్లలో మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టం కావాలి. పైకి మాత్రం అది మొదటినుంచి చివరిదాకా ఒకే లావు. తేడా అంతా గొట్టం కడుపులో ఉంటుంది. రంగు వేసి, అతికి, సైకిలు చేసిన తరువాత అది మంచి గొట్టమో, నాసి గొట్టమో తేల్చడానికి కోసి చూడడం తప్ప మార్గం లేదు. అందుకే గొట్టాల సంస్థలు ఫ్రేము మీద అంటించే చిన్న ముద్రకాగితం పుట్టింది. 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన “531” ఉక్కు గొట్టాలు వచ్చినప్పటినుంచి ఆ ముద్రకాగితమే సైకిలు ధరను నిర్ణయించసాగింది. ఆ గొట్టాలు సైకిళ్లతోనే ఆగలేదు. 1961లో వచ్చిన జాగ్వార్ ఈ-టైపు కారు ముందుభాగపు చట్రానికి కూడ ఎక్కాయి.

అయితే గొట్టం మంచిదైనంత మాత్రాన ఫ్రేము మంచిది కాదు. పలుచని గొట్టాలను లగ్గులనే ఉక్కు తొడుగులలోకి దూర్చి, ఇత్తడి గాని వెండి మిశ్రమం గాని కరిగించి అతుకుతారు. మంట కొంచెం ఎక్కువైతే గొట్టం పదును పోతుంది. 1976లో అదే సంస్థ “753” అనే మరీ పలుచని గొట్టాలను విడుదల చేసినప్పుడు వాటిని అడిగినవారికల్లా అమ్మలేదు. పనివాడు ముందుగా ఒక అతుకు అతికి పంపాలి. పరీక్షలో ఆ అతుకు నెగ్గితేనే గొట్టాలు ఇచ్చేవారు. పదార్థానికి కాక, పట్టిన చేతికి యోగ్యతాపత్రం ఇచ్చే ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో కర్బనపు కథ దగ్గరకు వస్తే తెలుస్తుంది.

మన దేశంలో ఉక్కు ఫ్రేము కథ వేరు. 1950 దశకంలో ఆసన్‌సోల్, మద్రాసు చెంత అంబత్తూరు, లూధియానా కర్మాగారాలనుంచి వెలువడిన నల్లని రోడ్‌స్టరు సైకిళ్లకు పలుచదనం అక్కరలేదు. వాటి మీద ఇద్దరు మనుషులు, ఒక వడ్ల బస్తా, రెండు పాలక్యాన్లు ప్రయాణించాలి. ఫ్రేము వంగితే ఊరి సైకిలు షాపువాడు సుత్తితో సరిచేయాలి. చీలితే గ్యాసు వెల్డింగువాడు అతకాలి. ఉక్కుకు ఉన్న సుగుణం ఇదే. అది తెగే ముందు వంగుతుంది, కిర్రుమంటుంది, రంగు నెర్రెలు విచ్చి హెచ్చరిస్తుంది. పామర జనానికి సైతం అర్థమయ్యే భాషలో మాట్లాడే లోహం ఉక్కు.

వెదురు చెప్పిన పాఠం

1894లో ఇంగ్లండులో వెదురు సైకిళ్లు అమ్మకానికి వచ్చాయి. నాటివారిలో పలువురికి అవి వింతగా తోచి ఉంటాయి గాని, కార్బన్ ఫ్రేమును అర్థం చేసుకోవడానికి వెదురుకంటె మంచి గురువు లేదు. బుట్టలు, తట్టలు, చాటలు అల్లే మేదరులకు తెలిసిన రహస్యమే ఇక్కడి రహస్యం. వెదురు బద్దను నిలువునా లాగితే తెగదు; కత్తిమొన గుచ్చి అడ్డంగా తడితే నిలువునా చీలిపోతుంది. కారణం, దాని నారలన్నీ ఒకే దిశలో సాగి, మెత్తని పదార్థంలో ఇమిడి ఉండడం. నార దిశలో మహా బలం. అడ్డ దిశలో ఆ మెత్తని పదార్థపు బలమే. లోహంలో ఈ భేదం లేదు. ఉక్కును ఏ వైపు లాగినా ఉక్కే. వెదురు సైకిలుకు చిక్కంతా అతుకుల దగ్గర వచ్చింది. అక్కడ బలాలు ఒకే దిశలో పోవు. వెదురుకు ఒకటే దిశ తెలుసు.

వెదురును మాడ్చితే కర్బనం వస్తుంది. 1880లో ఎడిసన్ తన విద్యుద్దీపంలో వాడినది మాడ్చిన వెదురు పోగునే. అది వేడికి తట్టుకుంది గాని బలం లేనిది, ముట్టుకుంటే విరిగేది. బలమైన కర్బన నార పుట్టడానికి మరో 80 ఏళ్లు పట్టింది. 1958లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ పరిశోధకుడు రోజర్ బేకన్, సన్నని గ్రాఫైటు సూదులకు ఎంతటి బలం ఉండగలదో కొలిచి చూపాడు. ఆ తరువాత కొద్ది ఏళ్లకే జపానులోని ఒసాకా ప్రభుత్వ పరిశోధనాలయంలో అకియో షిండో, ఉన్నివంటి దుస్తులకు వాడే పాలీయాక్రిలోనైట్రైల్ నారను మాడ్చి మంచి కర్బన నార సాధించాడు. 1964 నాటికి ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయంలో వాట్, ఫిలిప్స్, జాన్సన్ అనే ముగ్గురు దానిని మరింత బలిష్ఠం చేశారు. వారి కిటుకు చాల సులభమైనది: మొదటి కాల్పులో నార ముడుచుకుపోకుండా బిగించి లాగి పట్టడం. ముడుచుకోనివ్వకపోతే లోపలి అణువుల వరుసలు పోగు పొడుగునా సర్దుకుంటాయి.

నేటికీ పద్ధతి అదే. నారను గాలిలో 200 నుంచి 300 డిగ్రీల వరకు వేచుతారు. పిదప గాలి సోకని చోట, నత్రజనిలో, 1000 డిగ్రీలకు పైగా కాల్చుతారు. నార బరువులో దాదాపు సగం పొగయి పోగా మిగిలేది కర్బనం. ఒక్కొక్క పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు. తల వెంట్రుకలో సుమారు పదో వంతు.

ఈ కొత్త పదార్థం మీద మొదట ఆశపడి దెబ్బతిన్నవారు విమాన ఇంజన్ల వారు. రోల్స్ రాయిస్ సంస్థ ఆర్‌బి-211 జెట్ ఇంజనుకు కర్బన నార రెక్కలు పెట్టాలని తలచింది. ఎగిరే పక్షి వచ్చి గుద్దుకుంటే ఏమవుతుందో చూచే పరీక్షలో ఆ రెక్కలు నిలువలేదు. టైటానియం రెక్కలకు మారవలసి వచ్చింది. ఆ ఇంజను ఖర్చుల భారం కింద 1971 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసింది. నిలువునా లాగితే తెగని నార, పక్కనుంచి తగిలిన దెబ్బకు పొరలు పొరలుగా విడిపోయే గుణం కలదన్న సంగతి అంతటి సంస్థకే ఆ ధరకు తెలిసి వచ్చింది. ఆ ఏడే జపానులో టోరే సంస్థ కర్బన నారను వర్తక సరుకుగా తయారుచేయడం ప్రారంభించింది. కొన్నాళ్లపాటు దానిని ఆదుకున్నవి విమానాలు కావు. గాలపు కర్రలు, గోల్ఫు కర్రలు. గాలం కర్ర విరిగితే పోయేది చేప మాత్రమే కదా!

కర్బన నార విద్య తెలుగునాటికీ వచ్చింది. 1989 మే 22న ప్రయోగించిన అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలో ప్రవేశించేటప్పుడు దాని ముక్కును కాపాడిన ఉష్ణకవచం కర్బన నారతో చేసినదే. ఆ కృషికి కేంద్రం హైదరాబాదులోని రక్షణ పరిశోధనాలయం. అక్కడి మిశ్రపదార్థాల అనుభవంతోనే పోలియో సోకిన పిల్లల కాళ్లకు 3 కిలోల లోహపు ఆధారాలకు బదులు 300 గ్రాముల తేలిక ఆధారాలు చేసిన సంగతి అబ్దుల్ కలాం మాటలవల్ల దేశమంతటికీ తెలిసింది.

గొట్టంనుంచి మూసకు

సైకిలు ఫ్రేములో కర్బన నార 1970 దశకం నడుమ ప్రవేశించింది. అప్పటివారు దానిని ఉక్కులాగానే చూశారు. కర్బనపు గొట్టాలు చేసి, లోహపు లగ్గులలో దూర్చి, జిగురుతో అంటించారు. వెదురు సైకిలు చిక్కే మళ్లీ ఎదురైంది: బలమంతా గొట్టంలో, బలహీనత అతుకులో. అదనంగా ఇంకొక చిక్కు. కర్బనం, అల్యూమినియం ఒకదానినొకటి తాకుతూ ఉండగా చెమటనీరు తగిలితే చిన్నపాటి విద్యుద్ఘటం ఏర్పడి అల్యూమినియాన్ని తినివేస్తుంది. నడుమ గాజునార పొర వేయడం నేర్చుకోవడానికి కొంతకాలం పట్టింది. అయినా గొట్టాల ఫ్రేమే 1986లో లోకప్రసిద్ధి పొందింది. ఆ ఏట టూర్ డి ఫ్రాన్స్ పందెంలో నెగ్గిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ ఎక్కినది అటువంటి ఫ్రేమే.

కర్బనాన్ని కర్బనంగా గుర్తించి, గొట్టాలను అతికే పద్ధతిని వదలి, మూసలో ఒకే వస్తువుగా పోసినట్లు తయారుచేసిన మొదటి ఫ్రేములలో ఒకటి అదే 1986లో అమెరికాలో వెలువడిన కెస్ట్రల్ 4000. 1992 బార్సెలోనా ఒలింపిక్సులో క్రిస్ బోర్డ్‌మన్ 4000 మీటర్ల పందెంలో స్వర్ణపతకం గెలిచినది లోటస్ సంస్థ చేసిన అటువంటి ఏకఖండపు సైకిలు మీదనే. త్రికోణాలు లేని దాని ఆకారాన్ని రూపొందించినవాడు మైక్ బర్రోస్. అంతర్జాతీయ సైకిలు సంఘం ఆ తరువాత అటువంటి ఆకారాలను నిషేధించి, 2000 నుంచి పందెపు సైకిలు బరువు 6.8 కిలోలకు తగ్గరాదని శాసించింది. టూర్ డి ఫ్రాన్స్‌లో ఉక్కు ఫ్రేము చివరిసారిగా గెలిచినది 1994లో ఇందురాయిన్‌తో. అల్యూమినియం చివరిసారిగా 1998లో పంతానీతో. 1999 నుంచి అక్కడ కర్బనానిదే రాజ్యం. బరువుకు శాసనం అడ్డు వచ్చిన తరువాత తేలికదనం కోసం లక్షలు పోసే అర్థం చాలవరకు తగ్గిపోయింది. కాని తేలికదనం మీది మోజు తగ్గలేదు.

కర్బనం చౌక అయినది ఐరోపాలో కాదు, తైవానులో. 1972లో అక్కడ స్థాపితమైన జయంట్ సంస్థ మొదట అమెరికన్ కంపెనీల పేర్లతో సైకిళ్లు చేసి ఇచ్చేది. 1987లో సొంతంగా, పెద్ద ఎత్తున కర్బన ఫ్రేములు చేయసాగింది. తైవాను సంస్థలు 1990 దశకంలో చైనా ప్రధాన భూభాగంలో కర్మాగారాలు పెట్టాయి. వాటితో పనివాళ్లూ, పనితనమూ అక్కడి ఊళ్లకు పాకాయి. కొంతకాలానికి స్థానికులే సొంతంగా మూసలు పోయించి, ఫ్రేములు చేసి, పేరు లేకుండా అమ్మడం మొదలుపెట్టారు. వీటినే వర్తకులు “ఓపెన్ మోల్డ్” ఫ్రేములంటారు. మూస కర్మాగారం సొత్తు. సొమ్ము చెల్లించినవారెవరైనా దానిలోంచి వచ్చిన ఫ్రేములు కొని, తమ పేరు వేసుకోవచ్చు. ఒకే ఫ్రేము నాలుగు దేశాలలో నాలుగు పేర్లతో తిరగడం ఇందువల్లనే.

పరచిన చేయి

కర్బన ఫ్రేము చేయడమంటే యంత్రాలు గిర్రున తిరిగే దృశ్యం ఊహించరాదు. అది దర్జీ పనికి దగ్గర. నారపోగులను ఒకే దిశలో పరచి, సగం గట్టిపడిన ఎపాక్సీ జిగురుతో తడిపిన పలుచని తానులు చల్లని గదిలో నిలువ ఉంటాయి. వాటిని నమూనా ప్రకారం కొన్ని వందల ముక్కలుగా కత్తిరిస్తారు. పనివారు, తరచుగా స్త్రీలు, ఒక్కొక్క ముక్కను నిర్ణయించిన కోణంలో చేత్తో అంటిస్తారు. లోపల గాలి తిత్తి ఉంటుంది. ఆ ముద్దను ఉక్కు మూసలో పెట్టి, మూసను వేడిచేసి, తిత్తిలోకి గాలి కొడతారు. పొరలు మూస గోడకు అదుముకుని, జిగురు గట్టిపడి, ఫ్రేము అవుతుంది.

కోణంలోనే కీలకమున్నది. చైను లాగుడును తట్టుకునే వెనుక కడ్డీలకు పోగులు నిలువునా పోవాలి. హ్యాండిలును, పెడళ్ల ఇరుసును కలిపే కింది గొట్టం తొక్కినప్పుడల్లా మెలిపడుతుంది. మెలికకు 45 డిగ్రీల ఏటవాలు పోగులే విరుగుడు. ఒకే దిశలో పరచిన పొర దృఢత్వం పోగుల వెంట సుమారు 130 గిగాపాస్కల్‌లయితే, అడ్డంగా పదికి మించదు. ఒంటరి పొరను లాగే దిశకు 10 డిగ్రీలు తప్పించి పరిచితే దాని దృఢత్వంలో ఇంచుమించు ఐదింట రెండు వంతులు పోతుంది. పది డిగ్రీలంటే గడియారంలో రెండు నిమిషాలకు ముల్లు కదిలే దూరంకంటె తక్కువ. పెడళ్ల ఇరుసు దగ్గర, తల గొట్టం దగ్గర మలుపులు ఇరుకు. అక్కడ పొర ముడతపడితే పోగులు వంకర తిరుగుతాయి. గాలి తిత్తి సరిగా ఉబ్బకపోతే పొరల మధ్య బుడగలు మిగులుతాయి. పైన మెరిసే రంగు ఈ పాపాలన్నిటినీ కప్పుతుంది. పైకి కనిపించే అందమైన అల్లిక సైతం చాల ఫ్రేములలో అలంకారపు పొర మాత్రమే.

ఇప్పుడు ఫ్రేముల మీది అంకెల సంగతి. టి-700, టి-800 అన్నవి టోరే సంస్థ నారల పేర్లు. మొదటిదాని యంగ్ గుణకం 230 గిగాపాస్కల్‌లు, రెండవదానిది 294. కనుక అదే దృఢత్వం టి-800తో తక్కువ బరువులో రావచ్చు. ఎం-40జె అనే నార గుణకం 377 దాకా పోతుంది. కాని అది తెగే ముందు టి-700లో దాదాపు సగమే సాగుతుంది, అనగా పెళుసు. ఈ లెక్కలన్నీ నిజమే. అయితే అవి నార లెక్కలు. ఫ్రేము లెక్కలు కావు. ఫ్రేములో ఆ నార ఎంత పాలున్నది, ఏ చోట ఏ కోణంలో ఉన్నది అన్నది అంకె చెప్పదు. పూర్వం “531” ముద్రకాగితం కనీసం గొట్టం మొత్తం గురించి సాక్ష్యం చెప్పేది. “753” గొట్టాలు పనివాని చేతికి సైతం సాక్ష్యమయ్యేవి. నేటి టి-800 ముద్ర వంటింట్లో వాడిన బియ్యం రకం చెబుతుందే గాని, అన్నం ఉడికిందో లేదో చెప్పదు. టి-700 నారతో జాగ్రత్తగా పరచిన ఫ్రేము, టి-800 నారతో ముడతలు పడిన ఫ్రేముకంటె అన్ని విధాల మేలు.

మరి చౌక ఫ్రేములలో మంచిదానిని ఎట్లా ఎంచుకోవడం? రంగు చీల్చి చూడలేనప్పుడు, చీల్చి చూచినవారు ఎవరైనా ఉన్నారా అని విచారించాలి. సైకిళ్లకు ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. దానిలో ఫ్రేమును లక్షసార్లు పెడలు తొక్కినట్లు బలంతో నొక్కుతారు, 22.5 కిలోల బరువును దానిమీద పడవేస్తారు. ఈ పరీక్ష నివేదికను ఆ ఫ్రేము పేరుతో, ఆ సైజుతో చూపగలిగే అమ్మకందారుకూ, “మాది టి-1000” అని మాత్రమే చెప్పే అమ్మకందారుకూ ఎంతో తేడా ఉన్నది. పరీక్ష నెగ్గిన ఒక ఫ్రేము దాని వెనుక వచ్చిన వేయి ఫ్రేములకు పూచీపడదన్న మాట కూడ నిజమే. ఆ పూచీ కర్మాగారపు నిత్య తనిఖీది. పేరున్న సంస్థలు అధికంగా తీసుకునే ధరలో ప్రకటనలకు, పందెగాళ్ల జీతాలకు పోయే భాగం ఎంతైనా, ఈ తనిఖీకి పోయే భాగమూ ఉన్నది. అయినా పేరొక్కటే రక్ష కాదు. 2021లో ఒక ప్రసిద్ధ అమెరికన్ సంస్థ తన అత్యంత ఖరీదైన పందెపు సైకిళ్లను ఫోర్కు కాండంలో పగులు వచ్చే ప్రమాదమున్నదని వెనుకకు రప్పించింది. ఒకందుకు ఇది పేరుకు అనుకూలమైన సాక్ష్యమే. వెనుకకు రప్పించడానికి అక్కడ ఒక చిరునామా ఉన్నది. పేరులేని ఫ్రేము విరిగితే ఆ వార్త రెండవ కొనుగోలుదారుకు చేరే దారి లేదు.

ధర తగ్గించుకోదలచినవారు ఫ్రేము దగ్గర తగ్గించుకున్నా, ఫోర్కు దగ్గర మాత్రం తగ్గించుకోరాదు. ఫ్రేము వెనుక కడ్డీ పగిలితే సైకిలు ఊగుతుంది. ఆగడానికి వ్యవధి ఉంటుంది. ఫోర్కు కాండం తెగితే హ్యాండిలు చేతిలో ఉంటుంది, సైకిలు ఉండదు. 2006 పారిస్–రూబే పందెంలో జార్జి హిన్‌కాపీకి సరిగ్గా అదే జరిగింది. రాళ్లు పరచిన దారిలో అతని ఫోర్కు కాండం తెగి, నిలువునా పడి, భుజానికి గాయమైంది. తెగినది కర్బనం కాదు, అల్యూమినియం. అంతకు ముందు అదే పందెంలో అతను ఒకసారి పడ్డాడు. అప్పుడు తగిలిన దెబ్బ పైకి కనపడలేదు.

కర్బనపు దెబ్బ అంతకంటె గుట్టుగా ఉంటుంది. గోడకు ఆనించిన సైకిలు రాయి మీద పడితే ఉక్కు సొట్టపోతుంది. కర్బనం మళ్లీ నిటారుగా లేచి, లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. అనుభవజ్ఞులు రూపాయి బిళ్లతో గొట్టం పొడుగునా తట్టుకుంటూ పోతారు. గట్టి చోట ఖంగుమంటుంది. పొర విడిన చోట మొద్దుగా పలుకుతుంది. కుండ కొనే ఇల్లాలు చేసే పరీక్ష ఇదే. పలుచని, పక్కగోడలు గట్టి చోట్ల ఇది ఉపకరిస్తుంది. అతుకుల దగ్గర అంతగా పనికిరాదు. అక్కడికి పెడళ్ల ఇరుసు రంధ్రంలోంచి చిన్న కెమెరా గొట్టం దూర్చి చూడాలి. లోపలి గోడ నున్నగా ఉంటే పనితనానికి మంచి గుర్తు. ముడతలు, గడ్డకట్టిన జిగురు, తిత్తి చిరుగులు కనిపిస్తే ఆ ఫ్రేమును తిప్పి పంపడమే క్షేమం. ఇరుసు కూర్చునే రంధ్రం గుండ్రదనం కూడ అప్పుడే కొలిపించాలి. మరలు చెక్కిన లోహపు గూడు ఉన్న ఫ్రేములో చిన్న తేడాలను బిగింపు సర్దుకుంటుంది. గుండును ఒత్తి దూర్చే రకంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది.

ఇంత విచారించిన తరువాత, అదే ధరకు వచ్చే మంచి అల్యూమినియం ఫ్రేము వైపు కూడ ఒకసారి చూడడం న్యాయం. అది 1400 గ్రాములు, చౌక కర్బన ఫ్రేము 1000 గ్రాములు అనుకుందాం. తేడా 400 గ్రాములు. అర లీటరు నీటికంటె తక్కువ. మనిషి, సైకిలు కలిసి 80 కిలోలు తూగితే ఆ 400 గ్రాములు 200లో ఒక వంతు. గంటసేపు ఏకబిగిన కొండ ఎక్కితే సుమారు 18 సెకన్లు కలిసివస్తాయి. చదును నేల మీద అదీ ఉండదు. పందెగాడికి 18 సెకన్లు గెలుపు ఓటములు కావచ్చు. ఆదివారం ఉదయం ఊరి బయటికి పోయి వచ్చేవానికి, మంచి టైర్ల జత అంతకంటె ఎక్కువ కాలాన్ని ఆదా చేస్తుంది. దాని ధర ఫ్రేము ధరలో చిన్న భాగం. కార్బన్ ఫ్రేముకు మిగిలే సొగసు, కొన్ని చోట్ల బిగువుగాను, కొన్ని చోట్ల మెత్తగాను చేయగల వీలు. సీటు కింది గొట్టం కొద్దిగా వంగి గుంటల అదురును మింగాలి. పెడళ్ల దగ్గర మాత్రం కదలరాదు. ఆ రెండూ ఒకే ఫ్రేములో సాధించడం పోగుల కోణాలు తెలిసినవాడు పరచినప్పుడే సాధ్యం. మూసను అనుకరించి పోసినంత మాత్రాన కోణాలు రావు. మూస పైరూపాన్నే చూపుతుంది.